క్యాన్సర్ చికిత్స అయిపోయినా నొప్పి వదలకపోతే: మైండ్‌ఫుల్‌నెస్‌ని రోజూ ఎలా వాడుకోవాలి?

ఆఖరి కీమో అయిపోయింది. రేడియేషన్ కూడా పూర్తయింది. "ఇక మూడు నెలలకోసారి చెకప్‌కి వస్తే చాలు" అన్నారు డాక్టర్. ఇంట్లోవాళ్ళు తిరుపతి వెళ్ళి మొక్కు తీర్చుకొచ్చారు. అందరి లెక్కలో జబ్బు ముగిసిపోయింది. మీకు మాత్రం రాత్రి పదకొండయ్యేసరికి అరికాళ్ళు మండుతాయి. లేదా చంకలో ఏదో పట్టి లాగుతుంది. లేదా పొద్దున లేవగానే వేళ్ళు ముడుచుకోవు. ఎవరికైనా చెబితే "ఏందమ్మా, ఇంకా నొప్పంటావా? అంతా అయిపోయిందిగా" అంటారు. రెండోసారి చెప్పబుద్ధి కాదు.

ఇది అలాంటివాళ్ళ కోసం. చెన్నైలో ఉండే తెలుగువాళ్ళకి, నెల్లూరు, గూడూరు, సూళ్ళూరుపేట, చిత్తూరు వైపు నుంచి వైద్యానికి ఇక్కడికి వచ్చిపోయేవాళ్ళకి ముఖ్యంగా. నేను డాక్టర్‌ని కాను. రొమ్ము క్యాన్సర్‌కి వైద్యం చేయించుకుని, కీమో మిగిల్చిన తిమ్మిర్లతో ఈ ఊళ్ళోనే బతుకుతున్న మనిషిని.

ధ్యానం అనగానే మనవాళ్ళకి రెండు ఊహలు ఉంటాయి. ఆలోచనలేవీ లేకుండా కళ్ళు మూసుకుని కూర్చోవాలని ఒకటి, అలా కూర్చుంటే జబ్బులు నయమైపోతాయని రెండోది. ఇక్కడ ఆ రెండూ పక్కన పెట్టండి. ఈ క్షణాన ఒంట్లో, మనసులో ఏం జరుగుతోందో దాన్ని తిట్టుకోకుండా, తోసెయ్యకుండా కాసేపు గమనించడమే మైండ్‌ఫుల్‌నెస్. మూలం బౌద్ధ ధ్యానమే. దాన్ని ఆసుపత్రిలోకి తెచ్చింది మాత్రం జాన్ కబాట్-జిన్. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీ వైద్య కళాశాలలో ఆయన మొదలుపెట్టిన తరగతులే తర్వాత ఎనిమిది వారాల కోర్సుగా ప్రపంచమంతా పాకాయి. మొదట్లో అక్కడికి వచ్చినవాళ్ళలో చాలామంది, మందులతో తగ్గని పాత నొప్పులున్నవాళ్ళే.

దీనివల్ల ఎంత లాభం? ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం. చికిత్స జరుగుతున్నప్పుడూ, అయిపోయాకా వచ్చే ఆందోళనకి, దిగులుకి మైండ్‌ఫుల్‌నెస్ వాడమని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2023 మార్గదర్శకాల్లో గట్టిగానే సిఫారసు చేసింది. నొప్పి విషయంలో మాత్రం ఆధారాలు అంత బలంగా లేవు. కొందరికి కాస్త తగ్గుతుంది, కొందరికి నొప్పి అంతే ఉంటుంది గానీ దాంతో రోజు గడపడం తేలికవుతుంది.

నా మటుకు నాకు దీని అసలు ఉపయోగం ఇంకొకటి. మోకాళ్ళు అరిగినవాళ్ళకి నొప్పి వస్తే అది మోకాలి నొప్పే. మనకి నొప్పి వస్తే దాని వెనకే "మళ్ళీ వచ్చిందేమో" అనే అనుమానం కూడా వస్తుంది. ఆ రెండూ ఎంతగా పెనవేసుకుపోతాయంటే, ఏది నొప్పో ఏది భయమో తెలియదు. వాటిని విడివిడిగా చూడటం నేర్చుకోవడమే ఇక్కడ చెప్పబోయే పనంతా.

1. ముందు డాక్టర్‌కి పూర్తిగా చెప్పండి

ఇది చేయకుండా ధ్యానానికి కూర్చోకండి. పరీక్ష చేయించుకోని నొప్పిని ప్రశాంతంగా గమనించమంటే మనసు వినదు. వినకపోవడమే న్యాయం.

"నొప్పిగా ఉంది సార్" అంటే సరిపోదు, ఎలాంటి నొప్పో చెప్పాలి. మంట, సూదులు గుచ్చినట్టు, కరెంట్ షాక్ కొట్టినట్టు, మొద్దుబారినట్టు అంటే నరాల నొప్పి కావచ్చని డాక్టర్‌కి వెంటనే తడుతుంది. ప్యాక్లిటాక్సెల్, ఆక్సాలిప్లాటిన్, సిస్‌ప్లాటిన్, విన్‌క్రిస్టిన్ లాంటి కీమో మందులు చేతుల, కాళ్ళ చివర్లలోని నరాలని దెబ్బతీస్తాయి. ఆక్సాలిప్లాటిన్ తీసుకున్నవాళ్ళకి ఫ్రిజ్‌లోంచి పాల ప్యాకెట్ తీస్తే చాలు, వేళ్ళు జివ్వుమంటాయి. ఆక్సాలిప్లాటిన్, సిస్‌ప్లాటిన్‌ల విషయంలో కీమో ఆపేశాక కూడా కొన్ని నెలలపాటు తిమ్మిర్లు పెరగొచ్చు. ఆ సంగతి ముందే తెలియకపోతే భయపడిపోతాం.

రొమ్ము ఆపరేషన్ అయినవాళ్ళకి చంకలో, పై చేతి లోపలి వైపు మంట, లాగుడు ఉంటాయి. ఆ దారిలో పోయే నరం ఆపరేషన్‌లో తెగడమో నలగడమో దానికి తరచుగా కారణం. లెట్రొజోల్, అనస్ట్రొజోల్ లాంటి హార్మోన్ మాత్రలు వేసుకునేవాళ్ళకి కీళ్ళు పట్టేస్తాయి, పొద్దున పూట మరీ ఎక్కువ. నోటి క్యాన్సర్‌కి రేడియేషన్ పడినవాళ్ళకి దవడ బిగుసుకుపోయి నోరు తెరుచుకోదు. దానికి ఫిజియోథెరపిస్ట్ చెప్పే దవడ వ్యాయామాలు మానకుండా చేయాలి. వీటిలో ఒక్కోదానికి మందు వేరు, చికిత్స వేరు. అందుకే వివరంగా చెప్పాలనడం.

చెన్నైలో డాక్టర్‌తో ఇంగ్లీషులోనో తెలుగులోనో నడిచిపోతుంది గానీ, నర్సమ్మకో ఫిజియోథెరపిస్ట్‌కో చెప్పాల్సి వచ్చినప్పుడు నాలుగు తమిళ మాటలు ఉంటే పని తేలిక. నొప్పికి "వలి", మంటకి "ఎరిచ్చల్", గుచ్చుతోంది అనడానికి "కుత్తుదు", మొద్దుబారింది అనడానికి "మరత్తు పోచ్చు".

మందుల గురించి రెండు మాటలు. కీమో వల్ల వచ్చే నరాల నొప్పికి డ్యులోక్సెటిన్ రాయొచ్చు. షీటు మీద పేరు చూసి ఫోన్‌లో వెతికితే అది డిప్రెషన్ మందు అని వస్తుంది. "నాకు పిచ్చి అనుకుంటున్నారా?" అని పక్కన పడేసినవాళ్ళు నాకు తెలుసు. అదే మందు నరాల నొప్పికీ పనిచేస్తుంది, అందుకే ఇస్తారు. డ్యులోక్సెటిన్ అయినా, నరాల నొప్పికే రాసే గాబాపెంటిన్, ప్రిగాబాలిన్ అయినా ఉన్నట్టుండి మీ అంతట మీరు ఆపకూడదు. కీళ్ళ నొప్పులని హార్మోన్ మాత్ర మానెయ్యడం అంతకంటే ప్రమాదం. డాక్టర్‌కి చెబితే అదే జాతి మందుల్లో ఇంకోటి మార్చి చూస్తారు.

మీ ఆసుపత్రిలో పెయిన్ క్లినిక్ గానీ పాలియేటివ్ కేర్ విభాగం గానీ ఉందా అని అడగండి. పాలియేటివ్ అనే మాట వినగానే ఇంట్లోవాళ్ళ మొహాలు మాడిపోతాయి, అది చివరి రోజులకే అనుకుంటారు. నొప్పి తగ్గించడమే పనిగా ఉన్న డాక్టర్లు వాళ్ళు. జబ్బు తగ్గినవాళ్ళని కూడా చూస్తారు. తమిళనాడులో నివాసం ఉన్నవాళ్ళకి 2021 నుంచి నడుస్తున్న మక్కళై తేడి మరుత్తువం పథకం కింద ఫిజియోథెరపీ, పాలియేటివ్ సేవలు ఇంటి దగ్గరే అందుతాయి. మీ పరిధిలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో అడగండి.

ఇవి కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి: కొత్తగా మొదలై రోజురోజుకీ పెరిగే వెన్నునొప్పి, కాళ్ళలో బలం తగ్గడం, మూత్రం, విరేచనం మీద అదుపు తప్పడం, వాంతులతో కూడిన తలనొప్పి, ఒక్క పిక్కే వాచి నొప్పి పెట్టడం, వాచిన చెయ్యి ఎర్రబడి జ్వరం రావడం. వీటిని గమనిస్తూ కూర్చోకూడదు.

చివరగా డాక్టర్‌ని ఈ ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: "కొత్త నొప్పి ఏదైనా వస్తే ఎన్ని రోజులు చూసి మీకు ఫోన్ చేయాలి?" సాధారణంగా రెండు వారాలు అంటారు. మీ జబ్బుని బట్టి వేరుగా చెప్పొచ్చు. ఆ జవాబుని కాగితం మీద రాసి ఫైల్లో పెట్టుకోండి. దీంతో తర్వాత పనుంది.

2. ఒక వారం చిట్టా రాయండి

పెద్ద పని కాదు. పాల లెక్క రాసుకునే క్యాలెండర్ చాలు. రోజుకి మూడుసార్లు నొప్పికి సున్నా నుంచి పది లోపల ఒక అంకె, పక్కన ఆ సమయంలో ఏం చేస్తున్నారో రెండు మాటలు. "మధ్యాహ్నం 7, బట్టలు ఆరేశాక." "రాత్రి 8, టీవీలో సీరియల్ చూస్తూ." వారం తిరిగేసరికి ఒక నమూనా కనిపిస్తుంది. వారం దాటి మాత్రం రాయకండి. రోజంతా నొప్పిని లెక్కపెడుతూ ఉంటే దానిమీదే ధ్యాస పెరుగుతుంది.

3. ఎక్కడ, ఎలా కూర్చోవాలి

పద్మాసనం అక్కర్లేదు, కింద కూర్చోవాల్సిన పని అంతకంటే లేదు. వీపు ఆనించుకునే కుర్చీ, కాళ్ళ కింద మెత్తగా ఒక తువ్వాలు. చంక నొప్పి ఉన్నవాళ్ళు మోచెయ్యి కింద దిండు పెట్టుకోండి. ఆపరేషన్ అయిన వైపు భుజం వేలాడుతూ ఉంటే ఐదు నిమిషాలకే లాగడం మొదలవుతుంది.

కళ్ళు తెరిచే ఉంచుకోండి. దీన్ని ప్రత్యేకంగా చెబుతున్నాను. ధ్యానం నేర్పేవాళ్ళు చాలామంది వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకోమంటారు. తల, మెడ భాగానికి రేడియేషన్ తీసుకున్నవాళ్ళని అడగండి. మొహానికి అచ్చుగా పోసిన ప్లాస్టిక్ మాస్క్ బిగించి, కదలకుండా పడుకోబెట్టిన ఆ రోజులన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. వాళ్ళకి పడుకుని చేసే ధ్యానం విశ్రాంతి కాదు, శిక్ష. గోడ మీదో నేల మీదో ఒకచోట చూపు ఆనించి కూర్చుంటే చాలు.

ఎంతసేపు అంటే మొదటి రెండు వారాలు మూడు నిమిషాలు. రోజుకి మూడు, నాలుగు సార్లు. ఎనిమిది వారాల కోర్సుల్లో నలభై ఐదు నిమిషాలు చేయిస్తారు. ఆ లెక్క విని మొదటి రోజే అరగంట కూర్చుంటే రెండో రోజు కూర్చోబుద్ధి కాదు. నొప్పి బాగా ఎక్కువగా ఉన్న సమయంలో మొదలుపెట్టకండి. మీ చిట్టా చూసి, అంకె తక్కువగా ఉండే వేళ ఎంచుకోండి.

4. మొదటి సాధన: చప్పుళ్ళు, చేతులు

శ్వాస మీద ధ్యాస పెట్టమని ఎక్కడ చూసినా చెబుతారు. అది అందరికీ పడదు. ఊపిరితిత్తుల ఆపరేషన్ అయినవాళ్ళకి, ఛాతీకి రేడియేషన్ పడినవాళ్ళకి ఊపిరి తీసుకున్నప్పుడే బిగుతు తెలుస్తుంది. దాన్నే గమనించమంటే ఆయాసం పెరిగినట్టు అనిపిస్తుంది. మీకు శ్వాస హాయిగా ఉంటే దాంతోనే మొదలుపెట్టండి, లేకపోతే చెవులతో.

చెన్నైలో చప్పుళ్ళకి కొదవేం లేదు. కుర్చీలో కూర్చుని మీ దాకా వచ్చే శబ్దాలని రానివ్వండి. ఫ్యాన్, పక్కింటి కుక్కర్ విజిల్, కిందెక్కడో ఆటోవాడి హారన్, పూలమ్మి కేక. ఏది మంచి చప్పుడు, ఏది చెడ్డది అని తీర్పు చెప్పకండి. దూరం నుంచి వచ్చేదేది, దగ్గరదేది, మొదలైనదేది, ఆగిపోయినదేది అని మాత్రం చూడండి. మధ్యలో మనసు పారిపోయి ఈఎమ్ఐ దగ్గరికో, కోడలు అన్న మాట దగ్గరికో వెళ్తుంది. వెళ్ళినట్టు తెలిసిన వెంటనే మళ్ళీ ఫ్యాన్ చప్పుడు దగ్గరికి రండి. యాభై సార్లు వెళ్తే యాభై సార్లు రావడమే సాధన.

తర్వాత చేతులు. రెండు అరచేతులూ తొడల మీద పెట్టుకోండి. చీర అంచు గరుకుగా తగులుతోందా? అరచెయ్యి వెచ్చగా ఉందా? ఒక చేతికీ రెండో చేతికీ తేడా ఉందా? వేళ్ళు మొద్దుబారినవాళ్ళు మణికట్టు దగ్గర చూసుకోండి. నొప్పి లేని ఒక చోటు మీ ఒంట్లో ఉంది, కావాలనుకున్నప్పుడు అక్కడికి వెళ్ళి కూర్చోవచ్చు అని తెలియడం కోసం ఇది. రెండు వారాలు ఇదే చేయండి. తొందరపడి తర్వాతి మెట్టుకి వెళ్ళకండి.

5. నొప్పి అంచుదాకా వెళ్ళి తిరిగి రావడం

ఇది అన్నిటికంటే ముఖ్యమైనది, కష్టమైనది కూడా. ఒంటిని తల నుంచి కాళ్ళ దాకా గమనించే బాడీ స్కాన్ అనే పద్ధతి ఒకటి ఉంది. మనలాంటివాళ్ళు దాన్ని కాస్త మార్చుకుని చేయాలి.

ముందు నొప్పి లేని చోట ఒక నిమిషం ఉండండి. పైన చెప్పిన అరచెయ్యో, చెవి తమ్మో, ముక్కు కొసో. అక్కడ కుదురుకున్నాక, నొప్పి ఉన్న చోటి నడిమధ్యకి కాకుండా దాని అంచుకి వెళ్ళండి. అరికాళ్ళ మంట అయితే అది ఎక్కడ ఆగుతోంది? చీలమండ దగ్గరా, పాదం మధ్యలోనా? అక్కడ నిలబడి చిన్న ప్రశ్నలు వేసుకోండి. వేడిగా ఉందా, చల్లగా ఉందా? ఒకేచోట ఉందా, కదులుతోందా? సలుపుతోందా, పోటు పొడుస్తోందా, చురుక్కుమని మాయమవుతోందా? ఈ పది క్షణాల్లో పెరిగిందా, తగ్గిందా?

ఐదారు శ్వాసల సేపు చాలు. వెంటనే అరచేతికి తిరిగి వచ్చెయ్యండి. అక్కడ ఒక నిమిషం. మళ్ళీ అంచుకి. ఇలా రెండు, మూడు సార్లు తిరిగితే ఆ పూటకి అయిపోయింది.

కొన్నాళ్ళకి ఒక సంగతి తెలుస్తుంది. "రోజంతా ఒకటే మంట" అనుకున్నది నిజానికి ఒకటే మంట కాదు. లేస్తుంది, పడుతుంది, మధ్యలో కాసేపు లేకుండా కూడా పోతుంది. లేని ఆ కాసేపటిని మనం ఇన్నాళ్ళూ లెక్కలోకి తీసుకోలేదు. ఎందుకంటే ఆ సమయంలో మళ్ళీ ఎప్పుడొస్తుందో అని ఎదురుచూస్తూ ఉన్నాం. నరం దెబ్బతిన్నప్పుడు, గాయం మానిపోయినా అది సంకేతాలు పంపుతూనే ఉంటుంది. కరెంటు వచ్చేశాక కూడా ఇన్వర్టర్ కూస్తూనే ఉన్నట్టు. ఆ కూత అబద్ధం కాదు, నిజంగానే వినిపిస్తోంది. దానర్థం ఒంట్లో కొత్తగా ఏదో పాడవుతోందని మాత్రం కాదు.

జాగ్రత్తలు: నొప్పి ఏడు దాటి ఉన్నప్పుడు అంచుకి కూడా వెళ్ళకండి. చప్పుళ్ళతోనో చేతులతోనో ఉండిపోండి, వేసుకోవాల్సిన మాత్ర వేసుకోండి. మాత్ర వేసుకుంటే సాధన చెడిపోతుందనే మాట ఎవరన్నా పట్టించుకోవద్దు. రొమ్ము తీసేసిన చోటో, కొలోస్టమీ సంచి (మలం బయటికి రావడానికి పొట్ట మీద అమర్చే సంచి) ఉన్న చోటో చూడబుద్ధి కాకపోతే నెలల తరబడి వదిలేయొచ్చు. అక్కడికి వెళ్ళగానే ఏడుపొస్తే రానివ్వండి. ఆగాక అరచేతికి రండి.

6. రాత్రి రెండింటికి భయం వేస్తే

పగలు పనిలో పడి తెలియదు. రాత్రి ఇల్లంతా పడుకున్నాక తుంటిలో కలుక్కుమంటుంది. ఒక్క క్షణంలో ఆలోచన ఎక్కడికి పోతుందో చూడండి: ఎముకలకి పాకిందేమో, మళ్ళీ కీమోనేమో, పిల్లదాని పెళ్ళి ఎలా, డబ్బు ఎక్కడి నుంచి. నొప్పి వచ్చింది నాలుగు సెకన్లు, మిగతా రెండు గంటలు అది తెచ్చిన ఆలోచనలతోనే గడుస్తాయి.

లేచి కూర్చోండి. పడుకుని దీన్ని గెలవలేం. కాళ్ళు నేలకి ఆనించి, మూడు వాక్యాలు మెల్లగా పైకి అనండి.

"కుడి తుంటిలో పోటు ఉంది." ఇది ఒంటి సంగతి.

"ఎముకలకి పాకిందేమో అనే ఆలోచన వచ్చింది." ఇది ఆలోచన. "పాకింది" అనలేదు, ఆలోచన వచ్చింది అన్నారు. ఆ తేడా ఉండాలి.

"పళ్ళు బిగుసుకున్నాయి, గుండె దడదడలాడుతోంది." ఇది భయం ఒంటికి చేస్తున్న పని.

మూడోదానికి వెంటనే చేయగలిగింది ఉంది. దవడ వదులు చేయండి, నాలుకని కింద పడనివ్వండి, భుజాలు దించండి, ఊపిరి తీసుకున్నదానికంటే వదలడం కాస్త నెమ్మదిగా. మొదటిదానికి ఫైల్లోని ఆ కాగితం ఉంది. రెండు వారాలు చూడమన్నారు కదా. క్యాలెండర్‌లో ఈ రోజు దగ్గర "తుంటి" అని రాసెయ్యండి. పద్నాలుగో రోజుకి కూడా ఉంటే, ఈలోపు పెరుగుతూ పోతే, లేదా పైన చెప్పిన ప్రమాద లక్షణాలు ఏవైనా తోడైతే ఫోన్ చేస్తారు. నిర్ణయం అయిపోయింది కాబట్టి ఈ రాత్రి మళ్ళీ నిర్ణయించాల్సిన పని లేదు. రెండోదాన్ని, ఆ ఆలోచనని, వాదించి గెలవాలని చూడకండి. "ఏం కాదులే" అని చెప్పినకొద్దీ అది గట్టిగా అరుస్తుంది. "వచ్చావా, సరే" అనుకుని కాళ్ళ కింద నేల చల్లదనం దగ్గరికి రండి.

ఫోన్ ముట్టుకోకండి. రాత్రి రెండింటికి వెతికితే గూగుల్‌లో దొరికేవన్నీ చావు కబుర్లే.

అరికాళ్ళ మంట ఉన్నవాళ్ళు ఉపశమనం కోసం వేడినీళ్ళలో కాళ్ళు పెట్టడం, హాట్ వాటర్ బ్యాగ్ పెట్టుకోవడం చేస్తారు. మొద్దుబారిన చర్మానికి కాలుతున్న సంగతి తెలియదు, పొద్దున చూస్తే బొబ్బలుంటాయి. నీళ్ళ వేడి మోచేత్తో చూడండి, లేదా ఇంట్లో ఇంకొకరిని చూడమనండి.

7. పనుల్లో, నడకలో

నొప్పి తక్కువగా ఉన్న రోజు మనకి శత్రువు. వారం నుంచి ఆగిన పనులన్నీ ఆ ఒక్క రోజే చేసేస్తాం. దోసెల పిండి, దుప్పట్లు ఉతకడం, అటక మీద సామాను. తర్వాత రెండు రోజులు మంచం. దీన్ని ఆపడానికి మీ చిట్టానే ఆధారం. నిలబడి వంట చేస్తే ఇరవై నిమిషాలకి నొప్పి పెరుగుతోందనుకోండి, పదిహేనుకే ఫోన్‌లో అలారం పెట్టి ఆగండి. కూర పొయ్యి మీద ఉన్నా సరే, మంట తగ్గించి మూడు నిమిషాలు కూర్చోండి. బాగున్నప్పుడు కూడా పదిహేనే. ఈ నియమం పాటించడం బాడీ స్కాన్ కంటే కష్టం, మన ఆడవాళ్ళకి మరీను.

నడక తప్పనిసరి. హార్మోన్ మాత్రల వల్ల వచ్చే కీళ్ళ నొప్పులకి వ్యాయామం నిజంగా పనిచేస్తుందని పరిశోధనలే చెబుతున్నాయి. మైలాపూర్‌లో లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్క్ ఉంది కదా, అలాంటి చదునైన బాటలున్న చోటు చూసుకోండి. ఆ పేరు మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారిదే. 1893లో అమృతాంజనం మొదలుపెట్టి ఊరందరి నొప్పులకీ పసుపు సీసా అందించిన మనిషి పేరున్న తోటలో నొప్పితో నడవడం నాకెందుకో బాగుంటుంది. (బామ్ అంటే గుర్తొచ్చింది. రేడియేషన్ పడిన చర్మం మీద, మొద్దుబారిన చోట ఏ బామ్ రాయాలన్నా ముందు డాక్టర్‌ని అడగండి.)

నడిచేటప్పుడు మొదటి రెండు రౌండ్లు మామూలుగా. మూడో రౌండ్ వేగం తగ్గించి, మడమ ఆనడం, బరువు ముందుకి రావడం, వేళ్ళు నేలని వదలడం, ఈ మూడూ గమనించండి. అరికాళ్ళకి స్పర్శ తెలియనివాళ్ళు కళ్ళతో చూస్తూ నడవాలి, పడిపోయే ప్రమాదం ఉంటుంది. బీసెంట్ నగర్ బీచ్‌లో ఇసుక మీద ఈ ప్రయోగం వద్దు. గుడికి వెళ్తే మధ్యాహ్నం వేళ వద్దు. ఏప్రిల్, మే నెలల్లో ప్రాకారంలో రాళ్ళు ఎలా కాలతాయో తెలిసిందే. స్పర్శ లేని కాళ్ళకి అది తెలిసేలోపు చర్మం కాలిపోతుంది. పొద్దున్నే వెళ్ళండి, ఇంటికొచ్చాక అరికాళ్ళు చూసుకోండి.

8. చెకప్ రోజు

స్కాన్‌కి వారం ముందు నుంచే నొప్పులు పెరుగుతాయి. దాదాపు అందరికీ అంతే. సూళ్ళూరుపేటలో తెల్లవారుజామున లోకల్ ఎక్కి, సెంట్రల్‌లో దిగి, అక్కడి నుంచి ఆటోలో ఆసుపత్రికి చేరేసరికి సగం ఓపిక అయిపోతుంది. ఆ తర్వాత వెయిటింగ్ హాల్. అడయారులో 1954లో ముత్తులక్ష్మి రెడ్డి గారు పెట్టిన క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మొదలుకొని ఏ ఆసుపత్రికి వెళ్ళినా ఎదురుచూపు తప్పదు.

అక్కడ చేయగలిగింది చప్పుళ్ళ సాధన. టోకెన్ నంబర్ పిలుపులు, ట్రాలీ చక్రాలు, ఎవరో దగ్గడం. మీ నంబర్ కోసం చెవులు రిక్కించడం వేరు, పిలుపులని వినడం వేరు. నంబర్ కోసం వినే పని తోడు వచ్చినవాళ్ళకి అప్పగించండి. పక్క కుర్చీలోవాళ్ళు వాళ్ళ చుట్టాల కథ మొదలుపెడితే, "ఏమనుకోకండి అక్కా, రిపోర్ట్ వచ్చేదాకా వినలేను" అని చెప్పే హక్కు మీకుంది.

ఇంట్లోవాళ్ళ సంగతి

వాళ్ళకి చెప్పాల్సింది ఒక్కటే. "నొప్పి ఎలా ఉంది?" అని గంటకోసారి అడగొద్దనండి. అలా అని నొప్పి ఊసే ఎత్తకుండా ఉండొద్దనండి. రోజుకి ఒకసారి, సాయంత్రం కాఫీ వేళ, "ఈ రోజు ఎంత?" అంటే "ఆరు" అని మీరు అంటారు. అంతటితో అయిపోవాలి. "మనసు గట్టి చేసుకో అత్తయ్యా" లాంటి మాటలు ప్రేమతో అన్నా, వినేవాళ్ళకి అది ఇంకో పరీక్షలో ఫెయిలైనట్టే ఉంటుంది.

ఎవరు చేయకూడదు, ఎప్పుడు ఆపాలి

కూర్చున్న ప్రతిసారీ ఆసుపత్రి దృశ్యాలు కళ్ళముందుకొచ్చి వణుకు పుడుతుంటే, బతకాలని లేదనే ఆలోచనలు వస్తుంటే ఇది ఒంటరిగా చేసే పని కాదు. మీ ఆసుపత్రిలో సైకాలజిస్ట్‌ని అడగండి. లేదా ప్రభుత్వ టెలి మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి. పగలైనా రాత్రైనా ఎత్తుతారు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. పది రోజులు మౌనంగా ఉండి రోజుకి గంటల తరబడి కూర్చునే విపశ్యన శిబిరాలకి చెన్నైవాళ్ళు చాలామంది వెళ్తారు, బాగుందనేవాళ్ళూ ఉన్నారు. చికిత్స అయిన మొదటి ఏడాదిలో మాత్రం నేను ఎవరినీ వెళ్ళమనను. తర్వాత వెళ్ళాలనిపించినా, దరఖాస్తులో జబ్బు సంగతి, వేసుకుంటున్న మందులు దాచకుండా రాయండి.

రెండు నెలలు చేశాక పని చేసిందో లేదో ఎలా తెలుస్తుంది? మళ్ళీ ఒక్క వారం చిట్టా రాసి పాతదాని పక్కన పెట్టుకోండి. అంకెలు మారకపోవచ్చు. అంకెల పక్కన రాసిన మాటలు చూడండి. రాత్రి ఎన్నిసార్లు లేచారు, ఎన్ని పనులు మొదలుపెట్టి పూర్తి చేశారు, రెండు వారాలు ఆగకుండా డాక్టర్‌కి ఎన్నిసార్లు ఫోన్ చేశారు. అక్కడా ఏ మార్పూ లేకపోతే ఈ పద్ధతి మీకు పడలేదని అర్థం. అందులో మీ తప్పేం లేదు. రెండు కాగితాలూ పట్టుకుని పెయిన్ క్లినిక్‌కి వెళ్ళి, మందు మోతాదు మార్చాలా, ఫిజియోథెరపీ పెంచాలా అని అడగండి.